హ్యాంక్ ఆరన్ పేరు మీద పిల్లల షోకేస్: ఫీజు లేదు, స్కౌట్లు మాత్రం ఉంటారు

[తెర మీద: బ్యాట్ పట్టిన రెండు చేతులు, బాగా దగ్గరగా]

కుడిచేతి బ్యాటర్ బేస్‌బాల్ బ్యాట్ పట్టుకుంటే కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద ఉండాలి. అలబామాలోని మొబీల్ నుంచి వచ్చిన ఓ కుర్రాడు తిరగేసి పట్టేవాడు. 1952లో, 18 ఏళ్లకి, నల్లజాతి ఆటగాళ్ల జట్టు ఇండియానాపొలిస్ క్లౌన్స్‌లో చేరినప్పుడూ అదే పట్టు. అలాగే బాదేసేవాడు కూడా! అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ మేజర్ లీగ్‌లో ఆడే బ్రేవ్స్ జట్టు స్కౌట్ (కొత్త ఆటగాళ్లను వెతికే మనిషి) ఒకాయన చూసి చేతులు మార్చమన్నాడు. ఆ కుర్రాడే హ్యాంక్ ఆరన్. తర్వాత మేజర్ లీగ్‌లో 755 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి).

[పాత ఫొటోలు: నిండిపోయిన స్టేడియం]

నల్లవాళ్లను మేజర్ లీగ్‌లోకి రానివ్వని రోజుల్లో, 1920లో రూబ్ ఫోస్టర్ కాన్సస్ సిటీలో నీగ్రో నేషనల్ లీగ్ పెట్టాడు. 1933 నుంచి షికాగో కొమిస్కీ పార్క్‌లో ఈస్ట్-వెస్ట్ మ్యాచ్ జరిగేది. జట్లను అభిమానులే ఎంచుకునేవారు, నల్లజాతి పత్రికల ద్వారా ఓట్లేసి. 1943లో 51 వేల మందికి పైగా వచ్చారు. నన్నడిగితే అసలైన షోకేస్, అంటే స్కౌట్ల ముందు ఆట చూపించుకునే వేదిక, అదే. చూడాల్సిన మేజర్ లీగ్ యజమానులే 1947లో ఆ నిషేధాన్ని ఛేదించి నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ వచ్చేదాకా తలుపు తీయలేదు.

ఇప్పుడు ఏ నిషేధమూ లేదు. అయినా 2024 సీజన్ మొదట్లో మేజర్ లీగ్ ఆటగాళ్లలో నల్లజాతి అమెరికన్లు 6 శాతమే. 1980ల మొదట్లో ఇది 18 శాతం దాకా ఉండేది.

ఎందుకు తగ్గింది? కారణాలు చాలా ఉన్నాయి కానీ డబ్బు పెద్దది. స్కౌట్ల కంట పడాలంటే ఊరూరా తిరిగి టోర్నీలు ఆడే ప్రైవేటు జట్టులో, అంటే ట్రావెల్ టీమ్‌లో ఉండాలి. ఫీజులు, కోచింగ్, వారాంతం వస్తే హోటల్ గదులు, అన్నీ అమ్మానాన్నల జేబులోంచే. అమెరికాలో పిల్లల్ని ఆటల్లో వేసిన మనవాళ్లకి ఆ టెన్షన్ చెప్పక్కర్లేదు. పోనీ కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుందా అంటే, మొన్నమొన్నటి దాకా డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) బేస్‌బాల్ జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే. వాటినే ముక్కలు చేసి పంచేవారు.

[తెర మీద: స్టాప్‌వాచ్, రాడార్ గన్]

హ్యాంక్ ఆరన్ ఇన్విటేషనల్ అనే షోకేస్ పట్టుకున్నది సరిగ్గా ఈ ఖర్చునే. ఫ్లోరిడాలోని వీరో బీచ్‌లో, జాకీ రాబిన్సన్ పేరు పెట్టిన శిక్షణ కేంద్రంలో జరుగుతుంది. హైస్కూల్ వయసు పిల్లలు పైసా కట్టక్కర్లేదు. పరుగుకి స్టాప్‌వాచ్, త్రోకి రాడార్ గన్, పక్కన నేర్పేది మాజీ మేజర్ లీగ్ ఆటగాళ్లు. కాలేజీ వయసు వాళ్లకి మాజీ మేజర్ లీగ్ స్టార్ కెన్ గ్రిఫీ జూనియర్ చొరవతో మొదలైన స్వింగ్‌మన్ క్లాసిక్ అనే మ్యాచ్ ఉంది. చారిత్రకంగా నల్లజాతి విద్యార్థుల కోసం పెట్టిన కాలేజీల ఆటగాళ్లు అందులో ఆడతారు. మొదటిది 2023లో సియాటెల్‌లో, మేజర్ లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్ జరిగే ఆల్‌స్టార్ వారంలోనే జరిగింది.

ఫలితం ఉందా? 2022 డ్రాఫ్ట్‌లో (మేజర్ లీగ్ జట్లు వరసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మొదటి ఐదుగురిలో నలుగురు నల్లజాతి కుర్రాళ్లు. నలుగురూ మేజర్ లీగ్ ఉచిత శిక్షణ కార్యక్రమాల్లో ఆడినవాళ్లే.

కానీ షోకేస్‌కి పిలుపొచ్చేది అప్పటికే బాగా ఆడుతున్న వాళ్లకి. ఎనిమిదేళ్ల పిల్లాడికి గ్లవ్ ఎవరు కొనిపెడతారు? ఆ పని 1989లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన ఆర్‌బీఐ (నగరాల్లోని పేద పేటల పిల్లలకు బేస్‌బాల్ నేర్పే కార్యక్రమం) లాంటి పేటల లీగ్‌లది. కెమెరాలు అటు పెద్దగా వెళ్లవు. డబ్బు మాత్రం ముందు అటే వెళ్లాలంటాను నేను.