బ్యాంబర్ బ్రిడ్జ్ కాల్పులు: ఊరంతా నల్లజాతి సైనికుల వైపే

ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో బ్యాంబర్ బ్రిడ్జ్ అని ఒక చిన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం అక్కడ లారీల దళాన్ని పెట్టింది. వైమానిక స్థావరాలకు సరుకు చేరవేయడం వాళ్ల పని. దళంలో సైనికులు నల్లజాతివాళ్లు, అధికారులు దాదాపు అందరూ తెల్లవాళ్లు. హిట్లర్ మీద యుద్ధానికి వచ్చిన సైన్యం తన ఇంటి వివక్షను కూడా ఓడలెక్కించుకుని వచ్చిందన్నమాట!

స్థానిక పబ్బుల్లోనూ నల్లవాళ్లను వేరుగా ఉంచాలని అమెరికన్ అధికారులు పట్టుబట్టారు. దానికి ఊళ్లోని పబ్బులవాళ్లు ఏం చేశారో తెలుసా? "నల్ల సైనికులకు మాత్రమే" అని బోర్డులు పెట్టారని చెబుతారు. ఈ ఒక్క మాట కోసమే నాకు ఆ ఊరంటే గౌరవం.

1943 జూన్ 24, గురువారం రాత్రి. హాబ్ ఇన్ అనే పాత పబ్బులో నల్లజాతి సైనికులు ఊరివాళ్లతో కలిసి తాగుతున్నారు. అప్పుడు ఇద్దరు తెల్ల మిలిటరీ పోలీసులు వచ్చారు. ఒక సైనికుడు సరైన యూనిఫాం వేసుకోలేదు, ఫీల్డ్ జాకెట్‌తో ఉన్నాడు, శిబిరం దాటి బయటికి రావడానికి పాస్ లేదు. అరెస్టు చేస్తామన్నారు. అక్కడున్న బ్రిటిష్ వాళ్లు ఊరుకోలేదు. వాళ్లు ఎవరి జోలికీ పోలేదు కదా, ఎందుకు పట్టుకుంటున్నారని నిలదీశారు. పోలీసులు అప్పటికి వెనక్కి తగ్గి, మరికొందరిని వెంటబెట్టుకొచ్చారు. రోడ్డు మీద గొడవ ముదిరి తూటా పేలింది.

అసలే నాలుగు రోజుల ముందు అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో జాతి అల్లర్లు చెలరేగాయి. ఆ వార్తలు ఇక్కడి సైనికుల చెవిన పడ్డాయి, టెన్షన్ అప్పటికే ఉంది. అర్ధరాత్రి మిలిటరీ పోలీసులు మెషిన్ గన్ బిగించిన బండితో శిబిరానికి వచ్చేసరికి, మనల్ని చంపేస్తారన్న భయంతో సైనికులు తుపాకులు తీసుకున్నారు. తెల్లవారుజాము దాకా కాల్పులు జరిగాయి. విలియం క్రాస్‌లాండ్ అనే నల్లజాతి సైనికుడు చనిపోయాడు.

తర్వాత కోర్టు మార్షల్‌లో, అంటే సైనిక కోర్టు విచారణలో, 32 మంది నల్లజాతి సైనికులను దోషులన్నారు. తిరుగుబాటు నేరం కూడా మోపారు. అమెరికా ఎనిమిదో వైమానిక దళం అధిపతి జనరల్ ఐరా ఈకర్ మాత్రం తప్పు ఎక్కువగా తెల్ల అధికారులదీ, మిలిటరీ పోలీసులదీ అని తేల్చారు. కొందరు అధికారులను తప్పించారు, పోలీసు గస్తీలో నల్లవాళ్లనూ చేర్చారు, శిక్షలు తగ్గించారు. తప్పు ఎవరిదో తెలిశాక కూడా శిక్షలు తగ్గించారే తప్ప ఆ 32 మందినీ నిర్దోషులని ఎందుకు అనలేదు? నాకు మింగుడుపడనిది ఇదే.