సీడీల్లోని పాటలు క్లీన్‌గా రిప్ చేయాలంటే ఏ డ్రైవ్ కొనాలి?

నమస్తే అండీ. ఇంట్లో పాత సీడీలు పెట్టెల కొద్దీ ఉన్నాయి, కొత్త ల్యాప్‌టాప్‌కేమో డ్రైవ్ లేదు, ఏది కొంటే పాటలు తేడా లేకుండా కంప్యూటర్‌లోకి వస్తాయని చాలామంది అడుగుతుంటారు. ఇలా సీడీలోని పాటను కంప్యూటర్‌లో ఫైలుగా మార్చుకోవడాన్నే రిప్ చేయడం అంటారు. జవాబు ముందే చెప్పేస్తాను. ఖరీదైన డ్రైవ్ ఒకటి కొనే బదులు, వేర్వేరు కంపెనీలు తయారు చేసిన మామూలు డ్రైవ్‌లు రెండు పెట్టుకోండి. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

అన్నట్టు, మీ సీడీ కవర్ మీద ‘50 పాటలు’, ‘100 పాటలు’ అని ఉంటే అది ఎంపీ3 సీడీ. దానికి ఈ గొడవేమీ లేదు, ఫైళ్ళు కాపీ చేసుకుంటే చాలు. నేను చెప్పేదంతా పాత సీడీ ప్లేయర్లలో పాడే ఆడియో సీడీల గురించి.

ఆడియో సీడీలో శబ్దాన్ని శాంపిళ్ళుగా, అంటే క్షణక్షణానికీ కొలిచిన అంకెలుగా రాస్తారు. సెకనుకి 44,100 శాంపిళ్ళు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానెళ్ళు. అవన్నీ సెకనుకి 75 సెక్టార్లుగా, అంటే ముక్కలుగా, సెక్టార్‌కి 2,352 బైట్ల చొప్పున ఉంటాయి. అదే మామూలు డేటా సీడీలో అయితే ఒక్కో సెక్టార్‌లో ఫైలుకి దక్కేది 2,048 బైట్లే. మిగిలిన చోటులో ఎక్కువ భాగం తప్పులు సరిచేసే అదనపు కోడ్‌కి పోతుంది. ఆడియో సీడీకి ఆ అదనపు రక్షణ లేదు. గీత పడిన చోట, అన్ని సీడీలకూ ఉండే మామూలు కోడ్ చేతులెత్తేసిందంటే, కొన్ని డ్రైవ్‌లు పక్క శాంపిళ్ళను చూసి మధ్యలోది అంచనాతో పూడ్చేస్తాయి. కొన్ని ఏదో ఒక చెత్త విలువ ఇచ్చేస్తాయి. కంప్యూటర్ మాత్రం అంతా బాగానే ఉందనుకుంటుంది. ఎప్పుడో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటుంటే ఆలాపన మధ్యలో ‘టిక్’మంటుంది.

కాబట్టి మనకు కావలసింది చదవలేకపోతే చదవలేకపోయానని ఒప్పుకునే డ్రైవ్. ఆ ఒప్పుకోలుకి ఉన్న పద్ధతే సీ2. ఫలానా బైట్లు నమ్మదగ్గవి కావని డ్రైవ్ సాఫ్ట్‌వేర్‌కి చెబుతుంది. సీ2 సపోర్ట్ ఉందని చెప్పుకునే డ్రైవ్‌లు బోలెడు. నిజంగా సరిగ్గా చెప్పేవి అంతకన్నా తక్కువ. అందుకే కొత్త డ్రైవ్ రాగానే శుభ్రమైన సీడీ కాదు, కావాలని గీతలు పడ్డ సీడీ పెట్టి పరీక్షించండి. డీబీపవర్‌యాంప్ అనే రిప్పింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇందుకోసమే ఒక టెస్ట్ ఉంది.

రెండోది క్యాష్, అంటే చదివినదాన్ని డ్రైవ్ కాసేపు దాచుకునే మెమరీ. సాఫ్ట్‌వేర్ అనుమానమొచ్చి అదే ముక్క మళ్ళీ చదవమంటే, డ్రైవ్ డిస్క్ జోలికే పోకుండా తన మెమరీలో ఉన్నదే మళ్ళీ అప్పజెబుతుంది. పుస్తకం చూసి చదవరా అంటే, ముందు తప్పుగా బట్టీ పట్టిందే మళ్ళీ చెప్పే పిల్లాడిలాగన్నమాట. రెండుసార్లూ ఒకటే వచ్చింది కదా అని మనం నమ్మేస్తాం. ఈనాటి డ్రైవ్‌లలో చాలావాటికి ఈ క్యాష్ ఉంటుంది. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ (ఈఏసీ) అనే రిప్పింగ్ సాఫ్ట్‌వేర్, వేరే చోట చదివించి ఆ క్యాష్‌ని ఖాళీ చేయిస్తుంది. టైం ఎక్కువ పడుతుంది కానీ పని జరుగుతుంది. సెట్టింగ్స్‌లో సెక్యూర్ మోడ్ ఆన్ చేయడం మాత్రం మరిచిపోవద్దు.

ఇక ఆఫ్‌సెట్. దీని మీద ఇంటర్నెట్‌లో జరిగే చర్చంతా చదివితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ప్రతి మోడల్ కొన్ని శాంపిళ్ళు అటూ ఇటూ జరిగి మొదలుపెడుతుంది. పాత ప్లెక్స్‌టర్ కంపెనీ డ్రైవ్‌లకు +30, ఎల్‌జీ, ఏసస్, లైట్‌ఆన్ మోడళ్ళలో చాలావాటికి +6, పయనీర్ బ్లూరే డ్రైవ్‌లకు +667. పెద్దదిగా కనిపించే ఆ 667 కూడా సెకనులో 15 మిల్లీసెకన్లే. ఒకసారి సాఫ్ట్‌వేర్‌లో ఆ నంబర్ ఇచ్చేస్తే పని అయిపోతుంది. ఆఫ్‌సెట్ చూసి డ్రైవ్ కొనకండి.

ఇప్పుడు టేబుల్ మీదికి వద్దాం. ఇదిగో, ఇది యూఎస్‌బీ స్లిమ్ డీవీడీ రైటర్. కంపెనీ పేరు చెప్పను. తేలిక, చౌక, అన్ని షాపుల్లోనూ దొరుకుతుంది. శుభ్రమైన సీడీలకు ఇది చాలు, నిజంగా చాలు. 24ఎక్స్, అంటే పాట పాడే వేగానికి 24 రెట్లు, అని రాసి ఉంటుంది కానీ అది డిస్క్ బయటి అంచు దగ్గరి వేగం. మొదటి పాట ఉండే లోపలి వైపు అందులో సగం కూడా ఉండదు. ఇప్పుడు గీతలున్న సీడీ పెడుతున్నాను, స్క్రీన్ చూడండి. ఈఏసీ విండోలో ఎర్ర గళ్ళు ఒక వరుస నిండింది, రెండో వరుస మొదలైంది. అనుమానమున్న చోటును 16 సార్లు చదివించి, కనీసం 8 సార్లు ఒకేలా వస్తేనే ఒప్పుకుంటుంది. లేకపోతే మళ్ళీ ఇంకో 16. డ్రైవ్ చప్పుడు వినిపిస్తోందా? మోటార్ ఆగుతోంది, మళ్ళీ తిరుగుతోంది. ఇక్కడ కరెంట్ సమస్య కూడా ఒకటుంది. యూఎస్‌బీ హబ్‌కి తగిలిస్తే ఇలాంటివి సతాయిస్తాయి. నేరుగా ల్యాప్‌టాప్ పోర్ట్‌కే పెట్టండి.

ఇది పాత డెస్క్‌టాప్ సీపీయూ నుంచి ఊడదీసిన సాటా డ్రైవ్, అంటే కంప్యూటర్ లోపల సాటా కేబుల్‌కి తగిలించే రకం. నాకు నచ్చింది ఇదే. బరువుంటుంది, ట్రేలో డిస్క్‌ని గట్టిగా పట్టుకుంటుంది, ఇందాకటి సీడీనే తక్కువ తంటాలతో చదివింది. సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాంటి కంప్యూటర్ మార్కెట్లలో సెకండ్ హ్యాండ్‌లో చాలా తక్కువకే దొరుకుతాయి. సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ కొనేటప్పుడు దానితో 12 వోల్టుల పవర్ సప్లై ఉందో లేదో చూసుకోండి. హార్డ్ డిస్క్‌ల కోసం అమ్మే చిన్న కేబుల్‌తో ఇది లేవదు.

బ్లూరే రైటర్ కొనాలా? పయనీర్‌లో ప్యూర్‌రీడ్ అనే ఫీచర్ ఉంది, చదవలేని చోట అంచనాతో పూడ్చకుండా ఆపే మోడ్ కూడా అందులో ఉంది. మంచిదే. బ్లూరే డిస్కులతో పనుంటే తీసుకోండి, కేవలం పాటల కోసమైతే అంత డబ్బు పెట్టమని నేను చెప్పను. పాత ప్లెక్స్‌టర్ల కోసం వేలం పాటల వెంట పడటమూ అంతే. ఒకప్పుడు అవి నిజంగా గొప్పవి, కానీ ఇప్పుడు దొరికే వాటిలో లేజర్ ఎంత అరిగిపోయిందో బయటికి తెలియదు.

మరి రెండు డ్రైవ్‌లు ఎందుకన్నానంటే, ఇంగ్లిష్ ఆల్బమ్ అయితే రిప్ అయ్యాక అక్యురేట్‌రిప్ డేటాబేస్‌తో పోల్చుకోవచ్చు. అదే సీడీని ప్రపంచంలో ఇంకెవరెవరో రిప్ చేసి ఉంటారు, చెక్‌సమ్, అంటే ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్య, కలిస్తే మనం నిశ్చింతగా ఉండొచ్చు. నా దగ్గరున్న పాత తెలుగు సినిమా సీడీలు, హరికథలు, కర్ణాటక కచేరీలు పెడితే చాలాసార్లు వచ్చే జవాబు ‘డేటాబేస్‌లో లేదు’. అప్పుడు మనకు మనమే సాక్షి. మొదటి డ్రైవ్‌లో రిప్ చేసి సీఆర్‌సీ (అదీ ఒక రకం చెక్‌సమే) నోట్ చేసుకోండి, రెండో దానిలో మళ్ళీ చేయండి. రెండింటికీ ఆఫ్‌సెట్ సరిగ్గా ఇచ్చి ఉంటే సీఆర్‌సీలు అక్షరం పొల్లు పోకుండా కలవాలి. ఒకే డ్రైవ్ అయితే ఒకే తప్పును రెండుసార్లు చేసే అవకాశం ఉంది. వేరే తయారీ అయితే సరిగ్గా అదే తప్పు చేయడం చాలా అరుదు.

పెట్టె మీద పేరు చూసి మాత్రం వేరే కంపెనీ అనుకోకండి. విండోస్ డివైస్ మేనేజర్‌లో చూడండి. హెచ్‌ఎల్-డీటీ-ఎస్‌టీ అని ఉంటే అది హిటాచీ-ఎల్‌జీ, టీఎస్‌ఎస్‌టీ అని ఉంటే తోషిబా-శాంసంగ్. పైన వేరే బ్రాండ్ స్టిక్కర్ ఉన్నా లోపల అదే సరుకు.

రెండు డ్రైవ్‌లలోనూ రాకపోతే డిస్క్‌ని మెత్తటి గుడ్డతో లోపలి నుంచి బయటి అంచు వైపు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. అడ్డంగా పడ్డ గీతను కోడ్ తట్టుకుంటుంది, ట్రాక్ వెంబడి సాగే గీతను తట్టుకోలేదు. తర్వాత డిస్క్‌ని లైట్‌కి ఎదురుగా పట్టుకుని చూడండి. లేబుల్ వైపు పొర లేచిపోయి సూది మొన అంత వెలుతురు కనిపించిందంటే అక్కడి డేటా పోయినట్టే, డ్రైవ్ మార్చి లాభం లేదు. అదే ఆల్బమ్ ఇంకో కాపీ మీ చుట్టాల ఇళ్ళల్లో ఎవరి దగ్గరైనా ఉందేమో అడగండి.