గోడ పట్టుకుని గెలిచిన మలుపు: మార్టిన్స్‌విల్ ఆఖరి ల్యాప్

అక్క: అందరికీ నమస్కారం. ఈ వారం అమెరికాలోని షార్లెట్ నుంచి మా తమ్ముడు మాట్లాడుతున్నాడు. అక్కడ కార్ల రేసులు నడిపే సంస్థ నాస్కార్. దాని టీముల వర్క్‌షాపులు చాలావరకు వాడుండే ఊరి చుట్టుపక్కలే ఉన్నాయి. ఏరా, ఇవాళ ఏ రేసు గురించి?

తమ్ముడు: 2022 అక్టోబర్ 30న వర్జీనియాలోని మార్టిన్స్‌విల్‌లో జరిగిన రేసు అక్కా. 500 ల్యాపుల రేసు. నేను చెప్పేది మాత్రం ఆఖరి ల్యాప్‌లో ఆఖరి రెండు మలుపుల గురించే.

అక్క: అంత చిన్న ముక్క గురించా?

తమ్ముడు: అవును. ముందు ట్రాక్ ఎలా ఉంటుందో చెప్తాను. ఒక చుట్టు 0.526 మైలు, అంటే 850 మీటర్లకు కాస్త తక్కువ. పైనుంచి చూస్తే కాగితాలకు పెట్టే క్లిప్పులా ఉంటుంది. పొడుగ్గా రెండు స్ట్రెయిట్లు, రెండు కొసల్లోనూ గిరుక్కున తిరిగే వంపు. ఒక్కో వంపును రెండు మలుపులుగా లెక్కపెడతారు. డేటోనా అనే పెద్ద ట్రాక్‌లో మలుపులు 31 డిగ్రీల వాలుతో ఉంటాయి కాబట్టి అక్కడ కారు వేగం తగ్గకుండా తిరుగుతుంది. ఇక్కడ 12 డిగ్రీలే. స్ట్రెయిట్‌లో ఎంత దూకినా మలుపు దగ్గర గట్టిగా బ్రేక్ తొక్కాల్సిందే. లేకపోతే టైర్ల పట్టు చాలక కారు నేరుగా గోడ మీదికి పోతుంది.

అక్క: సరే. మరి డ్రైవర్ ఎవరు?

తమ్ముడు: రాస్ ఛస్టెయిన్. ఫ్లోరిడాలో పుచ్చకాయలు పండించే రైతు కుటుంబం వాళ్లది, తరతరాలుగా అదే వ్యవసాయం. రేసు గెలిస్తే ట్రాక్ మీదే పుచ్చకాయను నేలకేసి కొట్టి పగలగొడతాడు. ఆ ఏడాది ఫీనిక్స్‌లో ఛాంపియన్‌షిప్ తేల్చే ఫైనల్‌కు నలుగురికే చోటు ఉండేది. ఆఖరి ల్యాప్‌కి ఇతను పదో స్థానంలో ఉన్నాడు. ఆ చోటుకు పోటీపడుతున్న డెనీ హామ్లిన్‌ను పాయింట్లలో దాటాలంటే ఇంకో రెండు స్థానాలు ముందుకు రావాలి. ఆ మాట టీమ్ రేడియోలో చెప్పింది.

అక్క: ముందున్న కార్లేమో దూరంగా ఉన్నాయి.

తమ్ముడు: మామూలుగా అందుకోలేనంత దూరం. అప్పుడు అతను వెనక స్ట్రెయిట్‌లో ఐదో గేర్ వేశాడు. మలుపు వచ్చినా బ్రేక్ తొక్కలేదు. కారును బయటి గోడకు ఆనించి, యాక్సిలరేటర్ నొక్కి ఉంచి, స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసేశాడు. మిగతావాళ్లు బ్రేకులు వేసుకుంటూ తిరుగుతుంటే, ఇతను గోడను రాసుకుంటూ నిప్పురవ్వలతో ఐదు కార్లను దాటేశాడు. ఆ ఐదింటిలో ఆఖరిది హామ్లిన్ కారు, దాన్ని సరిగ్గా ముగింపు గీత దగ్గర దాటాడు. నేను టీవీ ముందు లేచి నిలబడిపోయానక్కా. ఏదో వీడియో గేమ్ చూస్తున్నట్టనిపించింది.

అక్క: గేమ్ అంటే గుర్తొచ్చింది, చిన్నప్పుడు అతను ఇది గేమ్‌లోనే చేసేవాడటగా?

తమ్ముడు: అవును, గేమ్‌క్యూబ్ అనే వీడియో గేమ్ యంత్రంలో నాస్కార్ 2005 ఆట ఆడేటప్పుడు. ఆ సంగతి తనే చెప్పాడు. కానీ అసలు కారులో అది ఎలా పనిచేసిందన్నదే నాకు నచ్చిన విషయం. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో మనం మౌత్ కా కువా చూశాం, గుర్తుందా?

అక్క: ఎందుకు గుర్తులేదు! బైకు గోడ మీద తిరుగుతుంటే నేను నీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

తమ్ముడు: సూత్రం అదే. వంపులో తిరగాలంటే ఏదో ఒకటి బండిని లోపలికి నెట్టాలి. మామూలుగా ఆ పని టైర్లు చేస్తాయి, వాటికో హద్దు ఉంటుంది. ఇక్కడ ఆ పని గోడ చేసింది. దానికి తోడు 2022లో వచ్చిన కొత్త కార్ల బాడీ లోహపు రేకు కాదు, కాంపోజిట్, అంటే నారలు, రెసిన్ కలిపి చేసిన గట్టి పదార్థం. పాత కారైతే రేకు నలిగి టైరును కోసేసే ప్రమాదం ఎక్కువ.

అక్క: ల్యాప్ టైమ్ ఎంత?

తమ్ముడు: 18.845 సెకన్లు. ఆ ట్రాక్ మీద స్టాక్ కార్లకు, అంటే మామూలు కార్ల రూపంలో ఉండే ఈ రేసు కార్లకు, అది రికార్డు! ఆ రోజు రేసులో మామూలు ల్యాప్‌కి 20 సెకన్లు దాటేది. గీత దాటింది ఐదో స్థానంలో. తర్వాత ముందున్న ఒక కారును అనర్హం చేయడంతో నాలుగో స్థానం దక్కింది. రేసు గెలిచింది మాత్రం క్రిస్టఫర్ బెల్. అక్కడ గెలిచినవాళ్లకు నిలువెత్తు గడియారం ఇస్తారు. బెల్‌కైతే గెలిస్తేనే ఫైనల్. అదీ చిన్న విషయమేం కాదు. కానీ ఆ రాత్రి అందరూ మాట్లాడింది ఛస్టెయిన్ గురించే.

అక్క: తర్వాత దాన్ని నిషేధించారు కదా? అన్యాయం అనిపించలేదా?

తమ్ముడు: లేదు. 2023 జనవరిలో నాస్కార్ చెప్పింది, ఇకపై ఇలా చేస్తే అప్పటికే ఉన్న భద్రతా నియమం కింద సమయం జరిమానా అని. నాకు అదే సరైనదనిపిస్తుంది. 2001లో డేటోనా 500 ఆఖరి ల్యాప్‌లో పేరుమోసిన నాస్కార్ డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ గోడకు గుద్దుకుని చనిపోయారు. ఆ తర్వాతే మెడకు రక్షణనిచ్చే హాన్స్ పరికరం తప్పనిసరైంది, దెబ్బను మింగే గోడలు వచ్చాయి. గోడ ఉన్నది ప్రాణం కాపాడటానికి. ఆఖరి ల్యాప్‌లో పదిమంది అదే గోడ మీద పడితే, దాని వెనకే కూర్చున్న ప్రేక్షకుల సంగతేంటి?

అక్క: అయితే ఛస్టెయిన్‌ది తప్పంటావా?

తమ్ముడు: ఆ రోజుకి తప్పు కాదు. దెబ్బ తగిలితే తనకే తగులుతుందని తెలిసే చేశాడు. తీరా ఫీనిక్స్‌లో మూడో స్థానంలో వచ్చి, ఛాంపియన్‌షిప్‌లో జోయ్ లోగానో తర్వాత రెండోవాడయ్యాడు. ఈసారి నువ్వొస్తే మార్టిన్స్‌విల్ తీసుకెళ్తా. ఆ మూడో మలుపు ఎదురుగానే కూర్చుందాం.