ఢిల్లీలో మూడేళ్ల ఎకనామిక్స్ డిగ్రీ రివ్యూ: షేర్ మార్కెట్ రాలేదు, లెక్కలు వచ్చాయి

నమస్తే. ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఇవాళ మూడేళ్లు వాడిన ఒక డిగ్రీని రివ్యూ చేస్తున్నా. బీఏ ఆనర్స్ ఎకనామిక్స్, ఢిల్లీ యూనివర్సిటీ, 2022 బ్యాచ్. దీనికి ఎక్స్ఛేంజ్ ఆఫర్ ఉండదు కాబట్టి చేరే ముందే ఈ వీడియో చూడండి.

ముందు ఒక అపోహ తేల్చేద్దాం. ఈ కోర్సులో చేరానని తెలిసిన రోజు నుంచి మా చుట్టాలు అడిగే ప్రశ్న ఒకటే: "ఏ షేర్లు కొనమంటావు?" పెళ్లిళ్లలో అడిగారు, గృహప్రవేశాల్లో అడిగారు, ఒకాయనైతే దినం భోజనాల దగ్గర పక్కన కూర్చుని మరీ అడిగాడు. మూడేళ్లలో షేర్లు కొనడం నాకెవరూ నేర్పలేదు. వ్యాపారం పెట్టడమూ నేర్పలేదు. ట్యాలీ అసలే లేదు, అది కామర్స్ వాళ్ల దారి. మొదటి సెమిస్టర్‌లో మైక్రో ఎకనామిక్స్‌తో పాటు (ఒక్కో మనిషి, ఒక్కో కంపెనీ ఎలా ఎంచుకుంటారనే సబ్జెక్టు) లెక్కలు, స్టాటిస్టిక్స్ "పరిచయం" పేరుతో వచ్చాయి. రెండో సెమిస్టర్‌లో పరిచయం మానేసి అసలు లెక్కలు వచ్చాయి.

నా సంగతి చెప్తాను, మీ పరిస్థితితో పోల్చుకోండి. మాది మదనపల్లె దగ్గర పల్లె. టమాటా రైతుల ఇల్లు. ఇంటర్ తిరుపతిలో ఎంపీసీ. ఎంసెట్ ర్యాంకు గురించి ఇక్కడ మాట్లాడుకోవద్దు. 2022లోనే ఢిల్లీ యూనివర్సిటీ డిగ్రీ సీట్లకు ఇంటర్ మార్కుల కటాఫ్ తీసేసి సీయూఈటీ అనే దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష పెట్టారు. ఆ ఏడాది అడ్మిషన్లన్నీ వెనక్కి జరిగి, మా క్లాసులు మొదలైంది నవంబర్ 2న. ఇంజినీరింగ్‌లో చేరిన నా ఫ్రెండ్స్ మొదటి సెమిస్టర్ గోల పెడుతుంటే నేను ఇంకా ఇంట్లో టమాటా క్రేట్లు ఎత్తుతున్నా. "నీ కాలేజీ నిజంగా ఉందా" అని మా అమ్మకు కూడా డౌటొచ్చింది.

ఇప్పుడు చాలామంది తెలుగు పిల్లలు పొరపడే చోటు. ఈ సీటు కావాలంటే సీయూఈటీలో మ్యాథ్స్ గానీ అప్లైడ్ మ్యాథ్స్ గానీ రాసి తీరాలి. ఇంటర్‌లో ఎకనామిక్స్ చదవకపోయినా పర్లేదు. తల్లకిందులుగా ఉంది కదా? సీఈసీలో రెండేళ్లు ఎకనామిక్స్ చదివినవాళ్లకు ఈ గేటు దగ్గర కష్టం, ఆ సబ్జెక్టు పుస్తకం ముట్టని ఎంపీసీ వాళ్లకు దారి ఖాళీ. ఎంఈసీ వాళ్లకు రెండూ కలిసొస్తాయి. మా కజిన్ సీఈసీ తీసుకుని, రెండో సంవత్సరం చివర్లో ఈ సంగతి తెలుసుకుని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పదో తరగతి పిల్లలెవరైనా చూస్తుంటే, గ్రూపు ఎంచుకునేటప్పుడే ఇది గుర్తుపెట్టుకోండి. మ్యాథ్స్ అడగని బీఏ ఎకనామిక్స్ తెలంగాణలో దోస్త్ ద్వారా సీట్లిచ్చే డిగ్రీ కాలేజీల్లోనూ, ఆంధ్ర డిగ్రీ కాలేజీల్లోనూ దొరుకుతుంది. కానీ ఆ సిలబస్ వేరు, ఈ వీడియో దాని గురించి కాదు.

ఎంపీసీ కదా, లెక్కలు మనకు కొత్తేంటి అనుకుని వెళ్లాను. మొదటి ఇంటర్నల్‌లో ముప్పైకి తొమ్మిది. ఆ పేపర్ ఇంకా నా దగ్గరే ఉంది. డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ అంటే నిద్రలో లేపినా చేస్తాను. అక్కడ అడిగింది అది కాదు. "ఈ ఫంక్షన్ కాన్‌కేవ్ అని నిరూపించండి, దాని గరిష్ఠ విలువ ఒక్కచోటే ఉంటుందా, ఎందుకు?" ఇంటర్‌లో మనకు షార్ట్‌కట్ నేర్పుతారు, నిమిషానికో బిట్ కొట్టమంటారు. "ఎందుకు" అని అడిగితే పెన్ను కదల్లేదు. నా పక్కన కూర్చున్న అమ్మాయి బెంగాల్ నుంచి వచ్చింది. నాకంటే నెమ్మదిగా లెక్క చేసేది, కానీ ప్రతి లైనుకూ కారణం రాసేది. ఆ అమ్మాయికి ముప్పైకి ఇరవై ఆరు మార్కులు. ఆ సెమిస్టరంతా నేను చేసిన పని, వచ్చిన లెక్కలనే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడం.

మైక్రో బాగుంటుంది. ఆపర్చునిటీ కాస్ట్ అనే మాట మొదటి వారంలోనే వస్తుంది: ఒకటి ఎంచుకుంటే వదులుకున్నవాటిలో అన్నిటికంటే మంచిది ఏదో, అదే అసలు ఖరీదు. నాకది పుస్తకంలో కంటే ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో బాగా అర్థమైంది. ఆదివారం అక్కడ బిర్యానీ. నార్త్ క్యాంపస్ నుంచి మెట్రోలో పోయి, క్యూలో నిలబడి, తిని, నిద్రమత్తులో తిరిగొచ్చేసరికి సాయంత్రం. బిర్యానీ ఖరీదు బిల్లు మీద ఉన్నంత కాదు, సోమవారం సబ్మిట్ చేయాల్సిన అసైన్‌మెంట్ కూడా అందులో కలుస్తుంది. తెలిసి కూడా ప్రతి నెలా వెళ్లాను. మనుషులు ఎప్పుడూ తెలివిగానే ఎంచుకుంటారని పుస్తకంలోని మోడల్ అనుకుంటుంది, అది వేరే చర్చ.

మాక్రో, అంటే దేశం మొత్తం ఆర్థిక వ్యవస్థను చూసే సబ్జెక్టు, దాని గురించి ఎక్కువ చెప్పను. అది గొప్పదే. మాకు ఒక సెమిస్టర్‌లో ఒక సార్ పాత నోట్సు డిక్టేషన్ చెప్పి వెళ్లిపోయేవారు, మేం రాసుకునేవాళ్లం. రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు (బ్యాంకులకు తను అప్పిచ్చే వడ్డీ) మీద నిర్ణయం ప్రకటించిందని పేపర్లో చదివిన రోజు కూడా క్లాసులో దాని ఊసు లేదు. ఒకే యూనివర్సిటీ, ఒకే సిలబస్, ఒకే ప్రశ్నపత్రం అయినా కాలేజీని బట్టి, చెప్పే మనిషిని బట్టి చదువు మారిపోతుంది. చేరే ముందు అక్కడి సీనియర్లతో మాట్లాడండి. "ప్లేస్‌మెంట్ ఎంత" అని కాదు, "మాక్రో ఎవరు చెప్తారు" అని అడగండి.

ఇప్పుడు నాకు ఈ డిగ్రీలో అన్నిటికంటే నచ్చిన భాగం. ఎకనోమెట్రిక్స్. పేరు భయంకరంగా ఉంటుంది గానీ, లెక్కలూ డేటా కలిపి "ఇది నిజంగా దానివల్లే జరిగిందా" అని తేల్చే విద్య. దీనికి ఒక ప్రాజెక్టు చేయాలి. నేను మా టమాటా తీసుకున్నా.

పుస్తకంలో కాబ్‌వెబ్ అని ఒక మోడల్ ఉంటుంది. అంటే సాలెగూడు. పోయిన పంటకు రేటు బాగుంటే అందరూ అదే పెడతారు, సరుకు ముంచెత్తి రేటు పడిపోతుంది. పడిపోయింది కదా అని అందరూ మానేస్తారు, సరుకు లేక మళ్లీ రేటు ఎగురుతుంది. గ్రాఫ్ గీస్తే గీతలు సాలెగూడులా చుట్టుకుంటాయి. మా ఇంట్లో దీన్ని మోడల్ అనరు, ఖర్మ అంటారు. 2023 గుర్తుందా? జులై చివర్లో మదనపల్లె మార్కెట్‌లోనే మంచి రకం కిలో 200 దగ్గరికి పోయింది. సెప్టెంబర్ వచ్చేసరికి రాయలసీమలో కొన్నిచోట్ల రోడ్డు మీద పారబోశారు.

అగ్‌మార్క్‌నెట్ అని కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది. ఏ మార్కెట్‌కు ఏ రోజు ఎంత సరుకు వచ్చింది, రేటెంత పలికింది, అన్నీ దొరుకుతాయి. మదనపల్లె డేటా దించుకున్నా. మధ్యలో ఖాళీ తేదీలు, ఒకచోట ఒక సున్నా ఎక్కువ, అవన్నీ సరిచేయడానికే పది రోజులు. లెక్క కట్టడానికి పట్టింది ఒక్క సాయంత్రం. డేటా పని అంటే తొంభై శాతం పాచి పనే అని ఎవరూ ముందు చెప్పరు, నేను చెప్తున్నా. పోయిన సీజన్ రేటుకూ ఈ సీజన్ సరుకుకూ సంబంధం ఉందా అని చూస్తే, ఉంది గానీ మోడల్ చెప్పినంత గట్టిగా లేదు. ఎందుకో అర్థం కాలేదు.

రాత్రి మా నాయనకు ఫోన్ చేసి, పోయినసారి రేటు చూసి పంట పెడతావా అని అడిగా. నవ్వాడు. "రేటు చూసి ఎవురు పెడతార్రా? బోరులో నీళ్లు చూసి పెడతాం. నీళ్లుంటే టమాటా, లేకుంటే శెనక్కాయ. దీన్ని కనుక్కునేదానికి ఢిల్లీ దాకా పోవల్నా?"

మరుసటి రోజు ట్యుటోరియల్‌లో మా మేడమ్‌కు ఈ మాట చెప్పా, కాస్త భయంగానే. ఆమె నవ్వలేదు. "మీ నాన్నగారు చెప్పింది మోడల్‌లో లేని వేరియబుల్. వర్షపాతం డేటా కూడా తెచ్చి కలపండి" అన్నారు. కలిపాను. లెక్క అప్పుడు కొంచెం దారికొచ్చింది. మూడేళ్లలో "ఇందుకు కదా ఇక్కడికొచ్చింది" అనిపించిన రోజు అదొక్కటే అంటే అతిశయోక్తి కాదు.

మూడో ఏడాది డెవలప్‌మెంట్ ఎకనామిక్స్‌లో ఇంకో తమాషా. ఢిల్లీలో కూర్చుని హైదరాబాద్ గురించి చదివాను. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఇంకొందరితో కలిసి హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకున్నారు. లాటరీ వేసినట్టు 52 బస్తీల్లో మైక్రోఫైనాన్స్ (పేదలకు చిన్న అప్పులిచ్చే సంస్థ) బ్రాంచి ముందు తెరిపించారు, మిగతావాటిలో అప్పటికి తెరవలేదు. తర్వాత రెండు వైపులా ఇంటింటికీ వెళ్లి అడిగారు. అప్పు తీసుకుని కొందరు వ్యాపారానికో ఇంటికో సామాన్లు కొన్నారు, టీ, పొగాకు లాంటి ఖర్చులు తగ్గించుకున్నారు. కానీ ఇంటి మొత్తం ఖర్చు చెప్పుకోదగ్గంత పెరగలేదు, పిల్లల చదువులోనూ ఆడవాళ్ల మాట చెల్లుబాటులోనూ పెద్ద తేడా కనబడలేదు. మైక్రోఫైనాన్స్ అంటే 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సూ, వారం వారం వసూళ్ల గొడవలే మనకు గుర్తు. మా క్లాసులో ఒకరు అది దేవుడిచ్చిన వరం అన్నారు, ఇంకొకరు రక్తం పీల్చే జలగ అన్నారు. కాగితం మీద అంకెలు ఆ రెండిటికీ ఒప్పుకోలేదు. వాదించుకునేవాళ్లకు ఇది చాలా చిరాకు తెప్పించే సబ్జెక్టు.

ఇంకో చిన్న కన్‌ఫ్యూజన్. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వేరు, మనం డిగ్రీ చదివే కాలేజీలు వేరు. 1949లో వీకేఆర్‌వీ రావు పెట్టిన సంస్థ అది, అమర్త్య సేన్, మన్మోహన్ సింగ్ పాఠాలు చెప్పిన చోటు. అక్కడ నడిచేది పీజీ, పీహెచ్‌డీ. డిగ్రీ పిల్లలం మేం అక్కడికి వెళ్లేది ఎక్కువగా టీకి. ఇంటికి ఫోన్ చేసి "మన్మోహన్ సింగ్ చెప్పిన చోట ఉన్నా" అనేవాణ్ని. అబద్ధం కాదు కదా.

ఉద్యోగాల మాటకొస్తే, పెద్ద పేరున్న కాలేజీలకు కన్సల్టింగ్, ఫైనాన్స్ కంపెనీలు వస్తాయి. మాలాంటి మధ్యరకం కాలేజీల్లో మనమే వెతుక్కోవాలి. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్, ఎక్సెల్ గట్టిగా వస్తే పని దొరుకుతుంది. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ రాయాలన్నా, రిజర్వ్ బ్యాంక్‌లో ఎకనామిక్స్ విభాగానికి పోవాలన్నా పీజీ కావాలి, డిగ్రీ చాలదు. నేను ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సర్వే సంస్థలో చేస్తున్నా. పల్లెల నుంచి ట్యాబ్‌లో వచ్చే జవాబుల్లో తప్పులు పట్టుకోవడం నా పని. అదే పాచి పని, ఈసారి జీతంతో. పక్కన పీజీ ఎంట్రన్స్‌కు చదువుతున్నా.

ఆఖరుగా, నాలుగో ఏడాది ఉండాలా వద్దా అని చాలామంది మెసేజ్ పెట్టారు. మా బ్యాచ్ నుంచి కొత్త పద్ధతి కదా, మూడేళ్లకు ఆనర్స్ తీసుకుని బయటికి రావచ్చు, నాలుగో ఏడాది రీసెర్చ్ చేయవచ్చు. విదేశాల్లో మాస్టర్స్ ఆలోచన ఉంటే ఉండండి, అక్కడ చాలాచోట్ల నాలుగేళ్ల డిగ్రీ అడుగుతారు. నేను బయటికొచ్చేశా. ఇంకో ఏడాది పేయింగ్ గెస్ట్ రూము అద్దె ఇంట్లో అడగాలంటే మనసొప్పలేదు. ఆ ఏడాది టమాటా రేటు కూడా బాలేదు.

డౌట్లుంటే కింద అడగండి. షేర్ల గురించి మాత్రం అడగొద్దు.