మూడు పాటలయ్యాక బయటికి: రాక్ కచేరీ ఫొటో పత్రికకెక్కే దారి

అందరికీ నమస్కారం. రెండు ఫొటోలతో మొదలుపెడదాం.

1967 జూన్ 18, కాలిఫోర్నియాలోని మాంటెరీ పాప్ ఫెస్టివల్. రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ తన వంతు ముగిస్తూ గిటార్‌ని వేదిక మీద పడేసి నిప్పంటించాడు. వేదిక అంచుకి ఆనుకుని ఓ కుర్చీ ఎక్కి నిలబడ్డ ఎడ్ కరాఫ్ అనే కుర్రాడు దాన్ని ఫొటో తీశాడు. వయసు 17. హెండ్రిక్స్ కోసం కొంచెం ఫిల్మ్ మిగుల్చుకోమని అక్కడే ఉన్న ఇంకో ఫొటోగ్రాఫర్ చెప్పబట్టి మిగిల్చాడు. కెమెరాలో మిగిలిన చివరి ఫ్రేమ్ అదే.

రెండోది 1979 సెప్టెంబరు, న్యూయార్క్ పలేడియం. క్లాష్ బ్యాండ్‌లో బేస్ వాయించే పాల్ సిమొనన్ కచేరీ చివర్లో విసుగెత్తి గిటార్‌ని నేలకేసి బాదాడు. తన వైపే వస్తున్నాడని వెనక్కి జరుగుతూ పెన్నీ స్మిత్ షట్టర్ నొక్కారు. ఫోకస్ తప్పింది. వాడొద్దని ఆవిడే అన్నారు. బ్యాండ్ వాళ్ళు వినలేదు, అదే 'లండన్ కాలింగ్' ఆల్బమ్ అట్ట మీదికెక్కింది.

రెండూ కచేరీ చివర్లో తీసినవే, గమనించండి. ఇవాళ ఏ పెద్ద కచేరీకైనా పత్రిక తరఫున వెళ్తే ఆ వేళకి మీరు హాల్లో ఉండరు. 'మొదటి మూడు పాటలు, ఫ్లాష్ వద్దు' అన్న నిబంధన 1980ల నుంచి పాతుకుపోయింది. దానికి కారణాలు లేకపోలేదు. ఇరవై మంది ఒకేసారి ఫ్లాష్ కొడుతుంటే పాడేవాడి కళ్ళు బైర్లు కమ్ముతాయి. టికెట్ కొని ముందు వరసలో నిలబడ్డవాళ్ళకి మన వీపులు అడ్డం. కానీ అసలు కారణం ఇంకోటుందని నా అభిప్రాయం: మూడో పాట దాకా మేకప్ చెదరదు, చొక్కా తడవదు, జుట్టు నుదుటికి అంటుకోదు. పత్రికలో ఏ ముఖం రావాలో మేనేజర్ ముందే నిర్ణయించేస్తున్నాడన్నమాట.

తొలి రోజుల్లో ఇలా ఉండేది కాదు. 1967 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో 'రోలింగ్ స్టోన్' సంగీత పత్రిక మొదలైనప్పుడు వాళ్ళ దగ్గర డబ్బు తక్కువ. మొదటి ప్రధాన ఫొటోగ్రాఫర్ బ్యారన్ వూల్మన్ ఒక ఒప్పందం పెట్టుకున్నారు: ముందు జీతం లేకుండా తీస్తాను, బొమ్మల హక్కులు మాత్రం నావే. ఆ ఒక్క షరతుతో నెగెటివ్‌లు ఆయన చేతిలోనే ఉండిపోయాయి. ఇంకో ఫొటోగ్రాఫర్ జిమ్ మార్షల్‌ది వేరే రకం పట్టుదల: వేదిక వెనక్కి, మేకప్ గదికి, రిహార్సల్‌కి అన్నిచోట్లకీ రానిస్తేనే పని ఒప్పుకునేవారు. మన సినిమా పత్రికలు చదివి పెరిగినవాళ్ళకి ఇది కొత్తగా ఉండొచ్చు. మన దగ్గర తారల బొమ్మలు చాలావరకు నిర్మాణ సంస్థలు పంచిపెట్టిన స్టిల్సే. స్టిల్ ఫొటోగ్రాఫర్‌కి జీతం ఇచ్చేది నిర్మాత. వూల్మన్, మార్షల్ ఎవరి మనుషులూ కారు.

సరే, మూడు పాటలే ఇచ్చారు. పాటకి నాలుగు నిమిషాలనుకుంటే మొత్తం 12 నిమిషాలు. అందులో మొదటి పాట సగం పొగలోనే పోతుంది. వేదికకీ బారికేడ్‌కీ మధ్య ఉండే సందునే పిట్ అంటారు. అందులోకి రెండు కెమెరాలతో వెళ్ళండి: ఒకదానికి దగ్గరి బొమ్మలకి 24-70 లెన్స్, ఇంకోదానికి దూరానివి లాగే 70-200. చీకట్లో లెన్స్ మార్చడం మొదలుపెడితే ఒక పాట దానికే సరి. చెవుల్లో ప్లగ్‌లు తప్పనిసరి, మీరు నిలబడేది స్పీకర్ల ముందు.

కెమెరాని ఆటోలో వదలకండి. వెనక నల్లటి తెర, మధ్యలో వెలుగుతున్న ముఖం. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ ఆ నలుపంతా చూసి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, ముఖం తెల్లగా మాడిపోతుంది. మాన్యువల్‌లో ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుని పట్టే చురుకు) 3200, లెన్స్ రంధ్రం ఎఫ్ 2.8, షట్టర్ సెకనులో 250వ వంతు దగ్గర మొదలుపెట్టి, ముఖం మీద స్పాట్ మీటర్ (ఒక్క చిన్న చోటి వెలుగునే కొలిచేది) పెట్టి చూసుకుని సవరించుకోండి. ఎగిరి దూకే గాయకుడైతే 500వ వంతు కావాలి. ఫైల్ రా ఫార్మాట్‌లోనే (కెమెరా సవరించని ముడి ఫైల్) ఉండాలి.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి ఎర్ర ఎల్‌ఈడీ. కెమెరా స్క్రీన్ మీద బొమ్మ బాగానే కనిపిస్తుంది, ఇంటికొచ్చి చూస్తే ముఖంలో ముక్కూ చెంపా తేడా లేకుండా ఒకటే ఎర్రటి ముద్ద. ఎరుపు ఛానెల్ ఒక్కటే నిండిపోయి పొంగుతుంది, మామూలు హిస్టోగ్రామ్‌లో (బొమ్మలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) అది తెలియదు. మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు కుడి గోడకి తగలకుండా ఒక స్టాప్ (అంటే వెలుగు సగానికి) తగ్గించి తీయండి. అప్పటికే తీసేసి ఉంటే నలుపు-తెలుపులోకి మార్చి ఆకుపచ్చ ఛానెల్ నుంచి ముఖాన్ని లాగి చూడండి. నాయిస్ ఉంటుంది, కానీ ముక్కు ముక్కులా ఉంటుంది. ఎల్‌ఈడీలతో ఇంకో చిక్కు: ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే బొమ్మంతా అడ్డంగా చారలు పడతాయి. మెకానికల్ షట్టర్‌కి మారండి, అయినా కనిపిస్తే 125వ వంతుకి దిగండి.

మైకు సంగతి. ఎదురుగా నిలబడితే అది నోటిని మింగేస్తుంది, మైకు నీడ గడ్డం మీద పడుతుంది. రెండడుగులు పక్కకి జరగండి. పాడేటప్పుడు కాకుండా, వాక్యం ముగించి మైకు నుంచి తల వెనక్కి తీసే ఆ అరసెకను కోసం కాచుకోండి. పాట తెలిస్తే ఆ క్షణం ఎక్కడొస్తుందో ముందే తెలుస్తుంది. అందుకే వెళ్ళేముందు ఆ టూర్‌లో వరసగా ఏ మూడు పాటలతో మొదలుపెడుతున్నారో చూసుకుని వినాలి. వేదిక ఎత్తుగా ఉంటే మరీ దగ్గరికి వెళ్ళొద్దు, ముక్కు రంధ్రాలు తప్ప ఏమీ రావు. డ్రమ్మర్ కావాలంటే పిట్ మూలకి పోవాలి, మధ్యలోంచి సింబల్సే (డ్రమ్స్ మీది ఇత్తడి పళ్ళేలే) కనిపిస్తాయి.

ఫిల్మ్ రోజుల్లో ట్రై-ఎక్స్ అనే నలుపు-తెలుపు ఫిల్మ్‌ని, దాని ఐఎస్ఓ 400 అయినా, 1600గా వాడి, ఆ తేడాని డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచి పూడ్చేవాళ్ళు. వెలుగున్న చోట్లు పైకి లేస్తాయి, నీడల్లో మాత్రం పడని వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది? నల్లగానే ఉంటాయి, గ్రెయిన్ (ఫిల్మ్ మీది గరుకు చుక్కలు) ఉబ్బుతుంది. మనం 'రాక్ లుక్' అని మురిసిపోయే ఆ గరుకుదనంలో సగం వెలుగు చాలకపోవడమే. మిగతా సగం కాగితం. తొలి రోలింగ్ స్టోన్ న్యూస్‌ప్రింట్ మీద అచ్చయింది. ఆ కాగితం సిరాని పీల్చుకుంటుంది, ప్రతి చుక్కా వేసినదానికంటే లావవుతుంది. నల్ల కోటు, నల్ల జుట్టు, వెనక చీకటి కలిసి ఒకే పలక అయిపోతాయి. అందుకే న్యూస్‌ప్రింట్‌కి పంపే బొమ్మని కంటికి పేలవంగా అనిపించేంత లేతగా ఉంచాలి. ఇప్పటికీ దినపత్రికల సప్లిమెంట్లకి ఇదే వర్తిస్తుంది.

ముఖచిత్రం లెక్క వేరు. 2008లో మామూలు సైజుకి తగ్గకముందు రోలింగ్ స్టోన్ అట్ట సుమారు 10 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు. అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున 3000, 3600 కావాలి. అది ఏ కెమెరా అయినా ఇస్తుంది. దొరకనిది చోటు. పైన పత్రిక పేరుకి జాగా, పక్కన శీర్షికలకి జాగా, బొమ్మ నిలువుగా ఉండాలి, కళ్ళు చూసేవాడి వైపు ఉండాలి. పిట్‌లో తీసిన వంద ఫ్రేముల్లో తొంభై అడ్డంగా ఉంటాయి, మిగతావాటిలో మైకు ఉంటుంది. అందుకే అట్టలు ఎక్కువగా విడిగా తీసిన పోర్ట్రెయిట్‌లు, కచేరీ బొమ్మలు లోపలి పేజీల్లోకి.

ఆ పోర్ట్రెయిట్‌లలో ఒకదాని గురించి చెప్పక తప్పదు. 1980 డిసెంబరు 8న న్యూయార్క్ డకోటా భవనంలో యానీ లీబోవిట్స్ రోలింగ్ స్టోన్ కోసం బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌ని ఫొటో తీశారు. పత్రిక ఆయనొక్కడినే అడిగింది, భార్య యోకో ఓనో కూడా ఉండాలని లెనన్ పట్టుబట్టారు. బట్టల్లేకుండా ముడుచుకుని, దుస్తుల్లో ఉన్న ఆవిడని చుట్టుకుని పడుకున్నారు. కొన్ని గంటల తర్వాత ఆ భవనం ముందే ఆయన్ని కాల్చి చంపారు. 1981 జనవరి 22 సంచికకి ఆ బొమ్మనే వేసి, పత్రిక పేరు తప్ప ఒక్క శీర్షిక కూడా పెట్టలేదు. బొమ్మకి సరిపడా కథ అప్పటికే లోకానికి తెలుసు. మామూలు సంచికకి ఆ ధైర్యం చేయకండి, అంగడిలో ఎవరూ చేతికి తీసుకోరు.

చివరగా కాగితాల సంగతి. పిట్ పాస్ ఇచ్చేముందు గేటు దగ్గర ఓ ఫారం చేతిలో పెడతారు, వెనక వరస కట్టి జనం తోస్తుంటారు. మూడు చోట్లు వెతకండి. కాపీరైట్ బ్యాండ్‌కి వెళ్తుందా? ఒక్క పత్రికలో ఒక్కసారే వాడాలా? అచ్చుకి ముందు వాళ్ళ ఆమోదం కావాలా? రెండోదానికి ఒప్పుకోవచ్చు, వార్తా పత్రికకి దానితో పెద్ద నష్టం లేదు. మొదటిదానికి, మూడోదానికి వద్దని చెప్పి, ఆ వాక్యం కొట్టేసి సంతకం పెడతానని అడగండి. ఒక్కోసారి ఒప్పుకుంటారు కూడా. ఫారం ముందురోజే ఈమెయిల్‌లో తెప్పించుకుంటే ఈ బేరం తీరిగ్గా ఆడొచ్చు. 2015లో ఫూ ఫైటర్స్ అనే రాక్ బ్యాండ్ కచేరీకి ఇలాంటి ఒప్పందమే ఇస్తే 'వాషింగ్టన్ సిటీ పేపర్' సంతకం పెట్టనంది. టికెట్ కొని వెళ్ళిన అభిమానుల దగ్గర ఫొటోలు డబ్బిచ్చి కొనుక్కుంటామని బాహాటంగా ప్రకటించింది. అభిమానిని మూడు పాటలయ్యాక ఎవరూ బయటికి పంపరు కదా.