పడేయడం కన్నా ముందు పడటం

అందరికీ నమస్కారం. జూడో నేర్పేవాళ్లు, పిల్లల్ని క్లాసుకి పంపే అమ్మానాన్నలు ఇద్దరూ ఉన్నారు ఇక్కడ, అందుకే ఇద్దరికీ కావాల్సిన ఒక్క విషయమే మాట్లాడతాను. ఉకెమి, అంటే దెబ్బ తగలకుండా పడటం. త్రోల గురించి, అంటే ఎదుటివాడిని పడేసే పద్ధతుల గురించి యూట్యూబ్‌లో కావాల్సినన్ని వీడియోలున్నాయి, ఇవాళ వాటి జోలికి పోను.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1882లో జూడోని మొదలుపెట్టిన జిగోరో కానో గారు టోక్యోలో ఎయిషోజి అనే బౌద్ధ ఆలయంలో 12 టటామీలు, అంటే జపాన్ గడ్డి చాపలు పట్టే చిన్న గదిలో కొడోకాన్ అనే తన జూడో స్కూల్ పెట్టారు, అప్పటికి ఆయనకి 21 ఏళ్లే. అంతకుముందు జుజుత్సు అనే పాత జపాన్ యుద్ధవిద్య నేర్చుకునేటప్పుడు ఆయన గురువు ఫుకుదా గారిని ఈ త్రో ఎలా పనిచేస్తుందండీ, చెయ్యెక్కడ పెట్టాలి, కాలెక్కడ పెట్టాలి అని అడిగితే గురువుగారు వివరంగా చెప్పకుండా మళ్లీ మళ్లీ పడేసేవారట, చేస్తూ పోతే అదే వస్తుందని. కానో గారు ఆ సాధనని వదల్లేదు, కానీ తన స్కూల్లో కాతా అనే ముందే నిర్ణయించిన కదలికల సాధన, రాండోరి అనే స్వేచ్ఛగా తలపడే సాధనతో పాటు ఉపన్యాసాన్నీ ప్రశ్న-జవాబునీ కూడా ట్రైనింగ్‌లో భాగం చేశారు. నాకైతే ఆయన చేసిన పెద్ద పనుల్లో ఇదొకటి. మన క్లాసుల్లో చాలాచోట్ల ఇచి, ని, సాన్ అని లెక్కపెట్టడమే మిగిలింది, ఎందుకు అని అడిగిన పిల్లాడికి జవాబు చెప్పేవాళ్లు తక్కువ.

సరే, ఎందుకో చెప్తా. ఓసోతోగారి అనే త్రో తీసుకోండి. ఎదుటివాడి కాలుని వెనక నుంచి మన కాలితో ఊడ్చేస్తారు, మనిషి వెనక్కి పడతాడు, అలా పడేటప్పుడు ఒంట్లో అన్నిటికన్నా వేగంగా కదిలేది తల, ఎందుకంటే అది అన్నిటికన్నా దూరంలో ఉంటుంది కాబట్టి. కొత్త పిల్లాడి మెడ కండరాలకి ఆ బరువు ఆపే బలం ఉండదు, గడ్డం పైకి లేస్తే తల వెనకభాగం నేరుగా మ్యాట్‌కి కొట్టుకుంటుంది. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, తల నేలకి తగలకపోయినా అంత వేగంగా ఊగి ఒక్కసారిగా ఆగితే లోపల మెదడు పుర్రెతో సమానంగా ఆగలేదు, మెదడు పైనుంచి పుర్రె వైపు వెళ్లే సన్నని సిరలు తెగి రక్తం గడ్డకట్టొచ్చు. బయటికి చిన్న గాయం కూడా కనిపించదు. అందుకే గడ్డం ఛాతీకి ఆనించు, నీ బెల్ట్ ముడి చూడు అని వందసార్లు చెప్పేది.

పిల్లలకి మ్యాట్ మీద చెయ్యి కొడితే వచ్చే చప్పుడు ఇష్టం, నేర్పేవాళ్లం కూడా ఆ చప్పుడుకే మురిసిపోతాం. మీరు చప్పుడు వినకండి, గడ్డం చూడండి. చేతులు ఒంటికి 30 నుంచి 45 డిగ్రీల్లో ఉన్నాయా, అరచేతులు కిందికి ఉన్నాయా, పడేటప్పుడు ఊపిరి వదులుతున్నాడా, భయంతో చెయ్యి వెనక్కి ఊతం పెడుతున్నాడా, అవి చూడండి, ఆ ఊతం పెట్టిన చెయ్యే మణికట్టు దగ్గరో మోచెయ్యి దగ్గరో విరుగుతుంది. ముందు పడుకుని, తర్వాత కూర్చుని, తర్వాత గొంతుకూర్చుని, ఆ తర్వాతే నిలబడి. ఏ మెట్టులో గడ్డం లేస్తే అక్కడి నుంచి ఒక మెట్టు కిందకి దించెయ్యండి, వాడు సీనియర్ అయినా సరే.

జపాన్‌లోనే దీన్ని పట్టించుకోనందుకు ఎంత మూల్యం కట్టారో చెప్పాలి. 1983 నుంచి దాదాపు మూడు దశాబ్దాల్లో స్కూళ్లలో జూడో చేస్తూ వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. తలకి తగిలిన దెబ్బలే ఎక్కువ, అందులో కొత్తగా చేరినవాళ్లు ఎక్కువ, ఓసోతోగారి పేరు మళ్లీ మళ్లీ వచ్చింది. 2012లో జూనియర్ హైస్కూళ్లలో బుడో, అంటే జూడో లాంటి జపాన్ యుద్ధవిద్యలు తప్పనిసరి చేసేటప్పుడు తల్లిదండ్రులు గట్టిగా నిలదీశారు, వాళ్లు అడిగింది న్యాయమే. ఆ తర్వాత జపాన్ జూడో ఫెడరేషన్ కోచ్‌లకి సర్టిఫికేషన్, సేఫ్టీ ట్రైనింగ్ మీద శ్రద్ధ పెట్టింది. జూడో పుట్టిన దేశమే మళ్లీ మొదటి పాఠానికి వెళ్లింది, మనం ఎందుకు వెళ్లకూడదు?

ఇంకొకటి, ఉకెమి పడేవాడి ఒక్కడి పని కాదు. పడేసేవాడు ఎదుటివాడి స్లీవ్ చివరిదాకా పట్టుకుని పైకి లాగాలి, అప్పుడే వాడి తలా భుజమూ నెమ్మదిగా దిగుతాయి. చాలామంది త్రో అవ్వగానే చెయ్యి వదిలేస్తారు, లేదా బ్యాలెన్స్ పోయి మీద పడిపోతారు. ఉచికోమి, అంటే పడేయకుండా త్రో మొదటి భాగాన్ని మళ్లీ మళ్లీ చేసే సాధన, ఎంత వేగంగా చేస్తున్నాడని కాదు, స్లీవ్ వదలకుండా నిలబడగలుగుతున్నాడా అని చూసి రాండోరికి పంపండి. బరువులో పెద్ద తేడా ఉన్నవాళ్లనీ, నిన్న చేరినవాడినీ నాలుగేళ్లుగా చేస్తున్నవాడినీ జత చెయ్యొద్దు.

అమ్మానాన్నలకి ఒక మాట. మావాడికి బెల్ట్ ఎప్పుడండీ, టోర్నమెంట్‌కి ఎప్పుడండీ అని అడుగుతారు, మీ ఉత్సాహం నాకు అర్థమవుతుంది, కానీ ఆ తొందర కోచ్ మీద పడుతుంది, కోచ్ తొందర పిల్లాడి మెడ మీద పడుతుంది. 2022లో జపాన్ ఫెడరేషన్ ప్రైమరీ స్కూల్ పిల్లల జాతీయ టోర్నమెంట్‌నే ఆపేసింది, గెలుపే ముఖ్యం అనే ధోరణి ఎక్కువైపోయిందని. ఒలింపిక్ మెడల్స్ కుప్పలుగా ఉన్న దేశం ఆ నిర్ణయం తీసుకుంది. మీరు కోచ్‌ని అడగాల్సింది వేరే: మావాడు వెనక్కి పడేటప్పుడు తల తగలకుండా ఉంటోందా, కింద మ్యాట్ ఎంత మందం, సిమెంట్ నేల మీద పల్చటి ఫోమ్ వేసి త్రోలు చేయిస్తున్నారా?

ఆఖరుగా ఇది మాత్రం రాసుకోండి. ప్రాక్టీస్ తర్వాత పిల్లాడు తలనొప్పి అన్నా, వాంతి చేసుకున్నా, మగతగా ఉన్నా, మాట తడబడినా ఆ రోజు ఇంక మ్యాట్ ఎక్కించొద్దు, వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి, డాక్టర్ సరే అనేదాకా తర్వాతి రోజుల్లో కూడా వద్దు. తలనొప్పి అంటే బద్ధకం అనుకుని మళ్లీ పడేయించే సార్ల దగ్గర మీ పిల్లల్ని ఉంచకండి. ఇప్పుడు ఎవరైనా అడగండి, ప్రశ్నలకి అరగంట పెట్టుకున్నాం, ముందు పిల్లలకే అవకాశం.