పాలు పడలేదని ఎవరూ అనకండి

వేదిక మీదున్న పెద్దలకు, పిల్లల్ని ఎత్తుకుని ముందు వరుసలో కూర్చున్న తల్లులకు నమస్కారం. ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాలు కదా, ముర్రుపాల గురించి మాట్లాడమన్నారు. అది ఇందాక డాక్టరుగారు చక్కగా చెప్పారు. నేను ఇంకో సంగతి చెప్పాలి: కాన్పులో నొప్పి తగ్గడానికిచ్చే మందులకీ, బిడ్డ పాలు చీకడానికీ ఉన్న సంబంధం.

ముప్పై ఏళ్లు లేబర్ రూములో నర్సుగా చేశాను. నా మొదటి కాన్పులో నొప్పులు భరించలేకపోతే పెథిడిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. రెండు గంటలకి పాప పుట్టింది. ఏడ్చింది, తూచారు, బట్టలో చుట్టి పక్క గదికి తీసుకెళ్లారు. నా దగ్గరికి తెచ్చేసరికి సాయంత్రమైంది. రొమ్ముకు పట్టిస్తే నోరు తెరవదు. అరికాలు గిల్లినా నిద్రే. మా అత్తగారు "దీనికి పాలు పడలేదు" అన్నారు. మర్నాటికి ఆ మాట వార్డంతా పాకింది. మూడో రోజు డబ్బా పాలు పట్టారు. నర్సునై ఉండి నేనూ నమ్మాను. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాత చదువుకుంటే తెలిసింది. పెథిడిన్ మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డకు చేరుతుంది. ఒంట్లో నార్‌పెథిడిన్‌గా మారుతుంది. పసిబిడ్డలో అది సగానికి తగ్గడానికే రెండు రోజుల పైన పడుతుంది. నాకు పాలు లేక కాదమ్మా, పాప మగతలో ఉండి చీకలేదు! 1990లో స్వీడన్‌లో రిఘార్డ్, అలాడె అనేవాళ్లు అప్పుడే పుట్టిన పిల్లల్ని కూర్చుని గమనించారు. పెథిడిన్ తీసుకున్న తల్లుల పిల్లల్లో చాలామంది సరిగా చీకలేదు. పుట్టగానే తల్లి మీద నుంచి తీసేసిన పిల్లలకూ అదే ఇబ్బంది. నా పాపకి రెండూ జరిగాయి.

ఇప్పుడు ఎపిడ్యూరల్ ఉంది, అంటే నొప్పులు తెలియకుండా నడుములో ఇచ్చే మందు. అందులో కలిపే ఫెంటనిల్ అనే నొప్పి మందు మోతాదు ఎక్కువైతే పాలివ్వడం త్వరగా మానేశారని 2005లో ఒక పరిశోధన చెప్పింది. 2017లో ఇంకోటి ఆరు వారాలకి తేడా కనబడలేదంది. కాబట్టి ఎపిడ్యూరల్ తీసుకుంటే పాలు పోతాయని ఎవరినీ భయపెట్టకండి. ఇంకో మాట. కాన్పప్పుడు తల్లికి సెలైన్ బాగా ఎక్కిస్తే బిడ్డ పుట్టిన బరువు కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఆ నీరు పోగానే బరువు తగ్గిందని కంగారుపడి డబ్బా తెస్తారు. డాక్టర్ని అడిగి తీసుకురండి, కంగారుతో కాదు.

అత్తగార్లూ, అమ్మలూ, మీకే చెబుతున్నాను. నొప్పి ఓర్చుకోలేక మందు తీసుకుందని పిల్లని దెప్పకండి. నొప్పి నొప్పే. బాలింత మగతగా ఉంటే పక్కనే కూర్చోండి, బిడ్డ మొహం కనబడేలా, ఊపిరి ఆడేలా చూడండి. బిడ్డ చీకకపోతే ముర్రుపాలు చేత్తో పిండి చెంచాతో పట్టండి, కాసేపాగి మళ్లీ రొమ్ము అందించండి.

లేబర్ రూముల్లో పనిచేసే నా చెల్లెళ్లారా, తల్లీబిడ్డా బాగుంటే ముందు బిడ్డను తల్లి గుండెల మీద వెయ్యండి. తూకం గంట తర్వాత చూద్దురుగాని.

ఆ చివర కూర్చున్న అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తుతోంది. అడుగు తల్లీ, సిగ్గుపడకు.